వెలుగు పడని కంటిపొర

2011లో జపాన్‌లోని కోబెలో, రికెన్ సంస్థలో యోషికి ససాయ్ బృందం ఎలుక పిండ మూలకణాలను కొన్ని వేల చొప్పున చిన్న గుంటల్లో వేసి, పోషక ద్రవంలో పెంచింది. పది రోజులకల్లా ఆ ముద్దల్లోంచి బుడగలు పొడుచుకొచ్చాయి. వాటి ముందుభాగం లోపలికి ముడుచుకుని రెండు పొరల గిన్నె తయారైంది. పిండంలో కన్ను మొదలయ్యేదీ ఇలాగే. కానీ ఇక్కడ అచ్చు లేదు, పక్కనుండి నొక్కే లెన్స్ కణాలూ లేవు. కణాలే ఆ రూపం దిద్దుకున్నాయి.

లోకమంతా ఆ గిన్నెను మెచ్చుకుంది. అది ముడుచుకుంటుండగా, బతికుండగానే దాన్ని చిత్రీకరించిన పనితనానికి మాత్రం రావలసినంత పేరు రాలేదు.

కణజాలం లోపల ఏముందో తెలియాలంటే మామూలు పద్ధతి ఒకటే: దాన్ని రసాయనంలో నానబెట్టి, పలచగా కోసి, ఒక్కో ప్రొటీన్‌ను పట్టుకునే రంగులద్ది సూక్ష్మదర్శిని కింద పెట్టడం. బొమ్మ అద్భుతంగా వస్తుంది. కణజాలం మాత్రం అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. ఎలుక కణాలతో చేసే ప్రయోగంలో ఇది పెద్ద నష్టం కాదు, త్వరలోనే ఇంకోటి పెరుగుతుంది. మనిషి కంటి వెనక కాంతిని పట్టే పొర, రెటీనా, అలా కాదు. పళ్లెంలో పెంచినా అది తల్లి కడుపులో పట్టేంత కాలమే తీసుకుంటుందని స్విట్జర్లాండ్‌లోని బాజెల్ పరిశోధకులు 2020లో చూపించారు. కాంతిని పట్టే కణాలకు వెంట్రుకల్లాంటి కొసలు రావాలంటే నెలల తరబడి ఆగాలి. ఆవగింజంత ముద్దకు రెండు మూడు రోజులకోసారి ద్రవం మారుస్తూనే ఉండాలి, పండగైనా సరే. అలా సాకినదాన్ని ఒక్క ఫొటో కోసం కోసెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి?

కోయకుండా చూద్దామంటే వెలుతురుతోనే చిక్కు. చూడటానికే పుట్టిన కణాల మీద తీక్షణమైన కాంతి వేస్తే అవి స్పందిస్తాయి, దెబ్బతింటాయి కూడా. దీనికి దొరికిన దారి, బలం తక్కువైన పరారుణ ఫోటాన్లను (కాంతి రేణువులను) జంటగా వాడటం. ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి మింగగలదని మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే లెక్కగట్టింది. 1990లో అమెరికాలోని కార్నెల్ శాస్త్రవేత్తలు ఆ సూత్రంతో సూక్ష్మదర్శిని తయారుచేశారు. కిరణం కేంద్రీకృతమైన చోట మాత్రమే కణం మెరుస్తుంది, మిగతా చోట్ల కాంతి దాదాపు ఊరికే దాటిపోతుంది. కోబెలో గిన్నెను చిత్రీకరించింది ఈ పద్ధతితోనే. కొన్నిసార్లు రంగు కూడా అక్కర్లేదు, కణాల్లో సహజంగా ఉండే ఎన్ఏడీహెచ్ అనే అణువు మెరుపును బట్టి అవి చక్కెరను ఎలా వాడుకుంటున్నాయో తెలుస్తుంది. అలాగని ఇది హాని లేనిదేమీ కాదు. ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే అక్కడి కణాలు కమిలిపోతాయి. కంటి ఆసుపత్రుల్లో రోగి గడ్డం ఆనించి కూర్చుంటే కంటిపొరలను చూపే ఓసీటీ పద్ధతినీ ఇప్పుడు ఈ ముద్దల మీదకు తిప్పారు.

ఓపికకు ఫలితం లేకపోలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మానవ రెటీనా ముద్దలను నెలల తరబడి పెంచి, 2018లో ఒక విషయం తేల్చారు. ముందు నీలి రంగును పట్టే కోన్ కణాలు పుడతాయి, ఎరుపు, ఆకుపచ్చలవి తర్వాత. ఈ మలుపు తిప్పేది థైరాయిడ్ హార్మోను. దాని సంకేతం అందకుండా చేస్తే దాదాపు అన్నీ నీలి కణాలే అయ్యాయి.

మనకూ ఈ పనితో బంధుత్వం ఉంది. 2017లో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు మూలకణాల నుంచి బుల్లి కార్నియాలను పెంచిన పద్ధతిని ప్రచురించారు. వెండితెర మీద వెలుగుతో బతికిన మనిషి పేరు పెట్టుకున్న సంస్థ అది.

ఈ ముద్దల్లో రక్తనాళాలు ఉండవు. పెరిగేకొద్దీ లోపలి కణాలు, ముఖ్యంగా మెదడుకు కబురు మోయవలసిన గాంగ్లియన్ కణాలు, ఆకలితో చచ్చిపోతాయి. ఎంత మంచి కెమెరా అయినా ఆ చావును చూపించగలదే తప్ప ఆపలేదు. ఆ ఆకలి తీర్చే ప్రయత్నంగా 2019లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు రెటీనా ముద్దను, దాని వెనక ఉండే వర్ణక పొరను చిన్న చిప్ మీద ఒకదానిపై ఒకటిగా చేర్చి, కిందినుంచి సన్నని కాలువల్లో పోషక ద్రవం పారించారు. కాంతి కణాలు రాల్చిన కొసలను ఆ పొర మింగడం కూడా అందులో గమనించగలిగారు.