పదిహేను తన్నుల పనితనం

ఫైటింగ్ గేమ్‌లు ఆడేవాళ్లని మీరు ఎక్కువసార్లు చూసిన వీడియో ఏదని అడిగితే చాలామంది ఒకటే చెబుతారు. 2004లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ‘ఎవో’ టోర్నమెంట్ జరిగింది. అందులో జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా, అమెరికన్ జస్టిన్ వాంగ్ తలపడ్డారు. ‘ఎవో మూమెంట్ 37’గా పేరుపడ్డ ఆ ఘట్టాన్ని ఉత్కంఠ కోసం చూసేవాళ్లకి కొదవలేదు. మొదటిసారి పోటీకి దిగబోయే కుర్రకారు మాత్రం దాన్ని పనితనం కోసం చూడాలి.

ఆట ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’. క్యాప్‌కామ్ 1999లో విడుదల చేసింది. వాంగ్ చేతిలో చున్-లీ పాత్ర, ఉమెహారా చేతిలో కెన్ పాత్ర. అది లూజర్స్ బ్రాకెట్ ఫైనల్. అంటే ఇద్దరూ అప్పటికే ఒక్కోసారి ఓడారు, మళ్లీ ఓడినవాడు ఇంటికే. కెన్‌కి ప్రాణం ఇక చుక్కంతే మిగిలింది. ఈ ఆటలో మామూలు దెబ్బని కాచుకుంటే ఏమీ పోదు. ‘సూపర్’ అనే భారీ దాడిని కాచుకుంటే మాత్రం ప్రాణం కొంచెం కొంచెంగా అరుగుతుంది. కాబట్టి వాంగ్ సూపర్ వదిలితే, తగిలినా కాచుకున్నా కెన్ పని అయిపోయినట్టే. వాంగ్ లెక్కలో తప్పేమీ లేదు. పదిహేను తన్నుల సూపర్ వదిలాడు.

ఉమెహారాకి మిగిలిన దారి ప్యారీ ఒక్కటే. కాచుకోవాలంటే స్టిక్‌ని వెనక్కి పట్టాలి. ప్యారీకి మాత్రం దెబ్బ పడే సమయానికి స్టిక్‌ని ముందుకు, ఆ దెబ్బ వైపే తట్టాలి. అదును కుదిరితే రవ్వంత ప్రాణం కూడా పోదు, తప్పితే దెబ్బ నేరుగా తగులుతుంది. తెర మీద సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంటే, ప్యారీకి దొరికేది వాటిలో గుప్పెడు. స్టిక్‌ని ముందుకే పట్టి ఉంచితే చెల్లదు. ఒక్కో తన్నుకి నడిమికి వదిలి మళ్లీ తట్టాలి.

అసలు గొప్ప మొదటి ప్యారీలో ఉంది. సూపర్ మొదలయ్యేటప్పుడు తెర మెరిసి ఒక్క క్షణం నిలిచిపోతుంది. ఆ మెరుపుని చూశాక స్టిక్ కదిపితే మొదటి తన్నుకి అందదు. ఉమెహారా చూసి తట్టలేదు, వాంగ్ ఎప్పుడు వదులుతాడో పసిగట్టి ముందే తట్టాడు. ఆటగాడి మనసు చదవడమంటే అదీ.

మిగతాది లయ. తన్నులు జోరుగా కొన్ని వస్తాయి, కాస్త ఎడం ఇచ్చి మళ్లీ జోరుగా వస్తాయి, చివర ఒక తన్ను విడిగా పడుతుంది. ఈ వరస ఎప్పుడూ మారదు. మారనిదాన్ని వేళ్లకి అలవాటు చేయవచ్చు. హాలంతా కేకలు వేస్తున్నప్పుడు కూడా ఆ అలవాటు చెదరకపోవడమే ఆశ్చర్యం.

పదిహేనో తన్ను దగ్గర ఇంకో మెరుగు కనిపిస్తుంది. నేల మీదే ప్యారీ చేసి బతికి బయటపడవచ్చు. ఉమెహారా ఎగిరి గాలిలో ప్యారీ చేశాడు. పైనుంచి తన్నుతో దిగితే దెబ్బ మీద దెబ్బ తగిలే పెద్ద కాంబో కలుస్తుంది. దిగుతూ ఒక తన్ను, వంగి ఇంకో తన్ను, షోర్యుకెన్ అనే పైకెగిరే గుద్దు, వెంటనే కెన్ సూపర్. చున్-లీ కూలింది. పీకల మీదికి వచ్చిన దెబ్బలని తప్పించుకుంటూనే ఎదురుదెబ్బకి లెక్క కట్టిన బుర్ర అది.

పైకి కనిపించని పనితనం బీదర్ వాళ్లకి కొత్త కాదు. బిద్రీ పనివాడు జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రకి ముందు మైలుతుత్తం పూసి నల్లబరుస్తాడు. ఆ నలుపు నిలిచేది కాదు, ఉలితో గీసే గీత తెల్లగా కనబడడానికే. గాడిలో వెండి తీగని సుత్తితో దిగ్గొట్టి, ఆకురాయి పెట్టి నునుపు చేశాక, కోటలోంచి తెచ్చిన పాత మట్టి, నవాసాగరం కలిపిన నీళ్లతో అసలు నలుపు తెప్పిస్తాడు. కొనేవాడికి వెండి మెరుపే కనిపిస్తుంది, మొదటి నలుపు జాడ కూడా ఉండదు. ఆ పదిహేను ప్యారీల వెనకున్న సాధన కూడా అలా కంటబడనిదే.

అందుకే బీదర్ నుంచో జహీరాబాద్ నుంచో తొలి టోర్నమెంటుకి హైదరాబాద్ బస్సెక్కే కుర్రవాడు వంద కాంబోల వెంట పడనక్కర్లేదు. ఆటలో ఒక్క పాత్రనే పట్టుకోవాలి. తనని పదే పదే ఓడిస్తున్న దెబ్బ ఏదో కనిపెట్టాలి. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’ ట్రైనింగ్ మోడ్‌లో ఎదుటి బొమ్మ చేత ఆ దెబ్బనే రికార్డు చేయించి, ఎన్నిసార్లంటే అన్నిసార్లు కొట్టించుకోవచ్చు. చేతికి అలవాటైన ప్యాడ్ లేదా స్టిక్ వెంట తీసుకెళ్లాలి. మ్యాచ్‌కి ముందు బటన్లు సరిచూసుకోవాలి. పొరపాటున పాజ్ నొక్కితే చాలా పోటీల్లో రౌండ్ పోతుంది, ముందే ఆ బటన్‌ని ఆపేయాలి. రెండుసార్లు ఓడేదాకా ఆడనిచ్చే పద్ధతి ఉంటే, మొదటి ఓటమికే డీలా పడకూడదు.

పెద్ద ఊళ్లవాళ్లకే ఇది సాధ్యమనే బెంగా వద్దు. 2019లో లాహోర్ ఆటగాడు అర్స్లాన్ యాష్ ‘టెక్కెన్ 7’ అనే మరో ఫైటింగ్ గేమ్‌లో ఎవో జపాన్‌నీ, లాస్ వేగస్ ఎవోనీ గెలిచి కొరియా, జపాన్ ఉద్దండుల్ని నివ్వెరపరిచాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’కి పతకాలిచ్చారు, మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిస్వాస్ ఆడారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పొమోనాలో ఆ మ్యాచ్ నెగ్గిన ఉమెహారా ఆఖరి పోరులో కెంజి ఒబాటా చేతిలో ఓడిపోయాడు. కప్పు ఒబాటాది. అయినా ఇరవై ఏళ్లు దాటినా జనం వెతుక్కుని చూసేది రెండో స్థానంలో నిలిచినవాడి ఆ కొన్ని సెకన్లనే.