కొట్టు దాకా నడిచే పాఠం

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు జీవన నైపుణ్యాలంటే స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం మొదలుకొని కొట్టుకు వెళ్లి సరుకు తేవడం, బస్సెక్కి దిగడం, దారి తప్పితే సాయం అడగడం దాకా రోజు గడవడానికి కావలసిన పనులన్నీ. వీటిని ఆ పని నిజంగా జరిగే చోటే, అంటే ఇంట్లో, వీధిలో, బజారులో, బస్సులో నేర్పడం సమాజాధారిత శిక్షణ. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఒకచోట నేర్చింది మరోచోట వాడటం కష్టం. అయినా గదిలో అట్టముక్కలతో దుకాణం కట్టి, ప్లాస్టిక్ అరటిపళ్లు, కాగితపు నోట్లు ఇచ్చి కొనుగోలు నేర్పే అలవాటు ఇంకా పోలేదు. గేటు దాటితే నిజమైన కిరాణా కొట్టు ఉండగా అట్ట దుకాణం దేనికన్నది ఈ శీర్షిక చదివేవారికి పాత వాదనే. ఆ అట్ట దుకాణాన్ని చూసిన ప్రతిసారీ కోపం మాత్రం కొత్తగానే వస్తుంది.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూ బ్రౌన్, ఆయన సహచరులు 1970లలో ఈ పద్ధతికి పునాది వేశారు. ఏది నేర్పాలో తేల్చడానికి ఆ ఆలోచన ఇచ్చిన గీటురాయి ఇది: ఈ పని పిల్లవాడు నేర్వకపోతే, వాడి కోసం ఇంకొకరు చేయాల్సి వస్తుందా? వస్తుందనుకుంటే నేర్పాల్సిందే. వైకల్యం ఉన్నవారికి ఊళ్లోనే శిక్షణ ఇవ్వడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో కరదీపిక వెలువరించింది. మన దేశంలో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడింది. అది తయారుచేసిన మదింపు పట్టికలో చదువు ఒక్కటే కాదు, సొంత పనులు, నలుగురితో మెలగడం, వృత్తి, వినోదం కూడా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రాల్లోని సహిత విద్య టీచర్లు, అందరూ ఐఈఆర్టీలని పిలిచేవారు, ఈ పనికి ఆధారం. బడికి రాలేని పిల్లల కోసం వీరు ఇళ్లకూ వెళతారు.

నేర్పే తీరులో మొదటి మెట్టు పనిని ముక్కలు చేయడం. కొట్టుకు వెళ్లడమంటే సంచి తీసుకోవడం, రోడ్డు దాటడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కావలసింది చెప్పడం లేదా చీటీ చూపించడం, డబ్బివ్వడం, చిల్లర, సరుకు పుచ్చుకోవడం, ఇంటికి తిరిగిరావడం. వీటిలో చివరి ముక్క నుంచి వెనక్కి నేర్పడం మంచి ఉపాయం. మొదట అన్నీ టీచరే చేసి, చిల్లర, సరుకు అందుకుని ఇంటికి రావడం మాత్రమే పిల్లవాడికి వదలాలి. అది కుదిరాక డబ్బివ్వడం, ఆ తర్వాత అడగడం. ఏ రోజైనా పని పూర్తయ్యేది వాడి చేతిలోనే, సరుకు పట్టుకుని ఇంటికొచ్చేదీ వాడే.

డబ్బు లెక్క అందరికీ రాదు. రాకపోయినా కొనవచ్చు. ఎక్కువ ధర పలకని సరుకులకు పది రూపాయల నోట్లు మాత్రమే ఇచ్చి పంపే పద్ధతి ఉంది. కొట్టులో ‘ముప్పై నాలుగు’ అంటే మొదటి మాట ముప్పై. దానికి మూడు నోట్లు, పైన ఇంకొకటి. మిగిలిన లెక్క కొట్టువాడిది. తెలుగులో పదుల మాట ముందొస్తుంది కాబట్టి పిల్లవాడికి ఆ మొదటి మాట పట్టుకుంటే చాలు. ఒడిశా సరిహద్దులో ఉన్న ఇచ్ఛాపురం వైపు కొట్లలో ధర ఒడియాలో వినపడితే ఈ ఉపాయం పనిచేయదు, ఆ భాషలో ఒకట్ల మాట ముందుంటుంది. అక్కడ ధర తెలుగులో చెప్పమని అడగడమూ పాఠమే.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో ఈ చదువుకు తొందర ఎక్కువ. కారణం అక్కడ ప్రబలిన మూత్రపిండాల జబ్బు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంట్లో పెద్దవాళ్లే డయాలసిస్‌కు తిరగాల్సి వస్తే, ఆసుపత్రికి వెళ్లిన రోజు వాళ్లకు అక్కడే గడిచిపోతుంది. ఆ పూట అన్నం పెట్టుకుని తినడం, తాగునీళ్లు ముంచుకోవడం, పక్కింటి పిన్నిని పిలవడం వచ్చిన పిల్లకూ రాని పిల్లకూ తేడా చాలా పెద్దది. తీరానికి ఇంకో జాగ్రత్త కావాలి. దారి నేర్పేటప్పుడు ఒక్క కొబ్బరిచెట్టునే గుర్తుగా పెట్టకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోటలకు తోటలే నేలకొరిగాయి. గుడి, బడి, వంతెన వంటి గుర్తులు రెండు మూడు కలిపి నేర్పాలి.

ఇక పలాస అనగానే జీడిపప్పు. ఈ ఊళ్లో పనికొచ్చే చదువు గురించి మాట్లాడేవారెవరైనా వెంటనే జీడిపప్పు షెడ్డునే చూపిస్తారు. చూపించడానికి కారణాలూ బలమైనవే. ఉడికించిన గింజను కత్తిరించి, పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, చివర గ్రేడు చేస్తారు. గుండు ఒకచోట, బద్ద ఒకచోట, ముక్క ఒకచోట. గుండులో మళ్లీ సైజులు: పౌనుకు దాదాపు 240 గింజలు తూగితే 240 రకం, చిన్నవైతే 320 రకం. ప్రత్యేక విద్య టీచర్లు గదిలో రంగు పూసలతో, బొత్తాలతో చేయించే వేరుచేసే అభ్యాసం ఇదే. ఇక్కడ అది నిజమైన సరుకుతో, నిజమైన తూకంతో జరుగుతుంది. పొట్టు తీసే ఆడవాళ్లలో కొందరు ఈ పిల్లల తల్లులే. అట్ట దుకాణం వద్దన్న వాదన నేరుగా ఈ షెడ్డు గుమ్మం దగ్గరికే తీసుకొస్తుంది.

గుమ్మం దగ్గర ఆగి చూడాలి. జీడిగింజ తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. 1986 నాటి బాలకార్మిక చట్టం పిల్లలకు నిషేధించిన పనుల జాబితాలో జీడి ఒలుపూ చేరింది. 2016 సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పరిశ్రమల్లో పనికి పెట్టడమే నేరమైంది. ప్రమాదం లేని గ్రేడింగ్ బల్ల దగ్గరే కూర్చోబెడదామన్నా చిక్కు తీరదు. కిలోల లెక్కన కూలి కట్టే చోట నెమ్మదిగా చేసేవాడి శ్రమ తల్లి లెక్కలో కలిసిపోతుంది. శిక్షణ పేరుతో మొదలైంది కూలి లేని పనిగా మారడానికి ఎంతో కాలం పట్టదు. అన్నిటికన్నా పెద్ద లోపం వేరే ఉంది. అక్కడ పిల్లవాడు రోజంతా ఒకేచోట కూర్చుని ఒకే పని చేస్తాడు. రోడ్డు దాటడు, ఎవరినీ ఏదీ అడగడు, చిల్లర పుచ్చుకోడు. నిజమైన పని జరుగుతున్నా అది నాలుగు గోడల గదే. పద్దెనిమిది నిండాక తూకం, ప్యాకింగ్ పనుల్లోకి, తన పేరుతో, నిండు కూలితో వెళితే అది ఉద్యోగం. బడి వయసులో అది పాఠం కాదు.

గదికీ దాని చోటు ఉంది. నెలసరి శుభ్రత, మరుగుదొడ్డి అలవాటు, ఒంటిమీద ఎవరు చేయి వేయవచ్చో ఎవరు వేయకూడదో చెప్పే పాఠం ఇంట్లో, మూసిన తలుపుల వెనకే మొదలవ్వాలి. తక్కినవన్నీ బయటే. కాశీబుగ్గ బస్టాండులో టెక్కలి బస్సును గుర్తుపట్టడం, కండక్టరుకు పాసు చూపించడం, జాతీయ రహదారి దాటేముందు రెండువైపులా చూడటం ఏ గదిలోనూ రావు. ఫోనుతో డబ్బు కట్టడం కూడా ఇప్పుడు పాఠంలో చేరాలి. కొందరికి నాణేలకన్నా అదే సులువు, కట్టే మొత్తం పెద్దలు సరిచూడాలంతే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఈ పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఆ పన్నెండేళ్లలో వారానికి ఒక పూటైనా బజారు పాఠాన్ని టైంటేబుల్లో రాయాలి. కొట్టువాళ్లకు ఒక మనవి. చీటీ పట్టుకుని పిల్లవాడు వస్తే వెంట వచ్చినవారిని కాక వాడినే అడగండి, జవాబొచ్చేదాకా ఆగండి, చిల్లర వాడి చేతిలోనే లెక్కపెట్టి పెట్టండి.