చాసరుని లోభకథ - వక్తృవైశిష్ట్యము

ఆంగ్లకవి జాఫ్రీ చాసరు 1387వ సంవత్సర ప్రాంతమున నారంభించి, 1400లో మరణించునాఁటికిఁ బూర్తి చేయలేకపోయిన కావ్యము 'కాంటర్బరీ కథలు'. లండనుచెంత సదర్కులోని టాబర్డు సత్రమునఁ గూడిన యాత్రికులు, కాంటర్బరీయందలి తామసు బెకెట్టు సమాధిని దర్శింపఁబోవుచు, మార్గాయాసము తెలియకుండఁ గథలు చెప్పుకొనుట దీని ప్రణాళిక. అందుఁ బార్డనరు, అనఁగాఁ బాపక్షమాపత్రముల నొసఁగి ధనము గ్రహించువాఁడు, చెప్పిన కథ విచారణీయము.

కథాసంగ్రహ మిది. ఫ్లాండర్సు దేశమున మహామారి చెలరేఁగినపుడు మువ్వురు త్రాగుబోతులు మృత్యువును జంపెదమని బయలుదేఱుదురు. మృత్యు వొక చెట్టుక్రింద నున్నదని వృద్ధుఁ డొకఁడు త్రోవ చూపును. అచట వారికి బంగారునాణెముల రాశి దొరకును. ఆహారము తేఁబోయిన చిన్నవాఁడు మద్యమున విషము కలుపును. తక్కిన యిద్దఱు వానిఁ బొడిచి చంపి, యా మద్యమునే త్రాగి చత్తురు.

ఈ యితివృత్తము చాసరుని కల్పన కాదు. పాలీభాషయందలి వేదబ్భజాతకమున, ధనార్థమై పోరి కడకు మిగిలిన యిద్దఱు చోరు లిట్లే నశింతురు. ఒకఁ డన్నమున విషము కలుపును. రెండవవాఁడు వానిని ఖడ్గమున నఱికి, యా యన్నము తిని మరణించును. ఇంతమాత్రమునఁ జాసరుని బరస్వాపహారి యని దూషించుట తగదు. జాతకమున వక్త బుద్ధుఁడు. వాక్యమునకును వక్తకును విరోధము లేదు. చాసరో, యీ కథను లోభికే యప్పగించెను. పందియెముకలను బవిత్రాస్థులని చూపి ధనార్జన చేయు నా పార్డనరు, తన కపటమును దోడియాత్రికులకుఁ దానే వెల్లడించి, పిదప లోభమే సర్వానర్థమూలమని బోధించును.

ఆర్థీవ్యంజనకు హేతువులను జెప్పుచు మమ్మటుఁడు వక్తృవైశిష్ట్యమును మొదటఁ బేర్కొనెను. చాసరుఁ డా లక్షణ మెఱుఁగఁడు. లక్ష్యము మాత్ర మిచట సంపూర్ణము. తన లోభమును వక్తయే వాచ్యము చేయఁగా వ్యంగ్య మెక్కడిది యనుచో, సమాధాన మిది: లోభ మొక్కటియే వాచ్యము. బంగారమును జూచి మృత్యువును మఱచిన యా మువ్వురి గతియే తన గతి యనుట వాఁ డెఱుఁగఁడు, శ్రోత యెఱుఁగును. కథ ముగిసిన వెంటనే వాఁడు మరల శ్రోతలఁ గానుక లడుగుటయే యిందులకు సాక్ష్యము. సత్రాధిపతి ధిక్కరింపఁగా, నంతదాఁక వాచాలుఁడైనవాఁడు కోపముచే మూఁగవోవును.

దుష్టుని నోట సద్బోధ యనౌచిత్యము కాదా యనరాదు. ఆ యనౌచిత్యము వక్తయందుఁ గలదు, కవియందు లేదు. కావున నీ కథను వక్తనుండి విడఁదీసి నీతికథగా మాత్రమే చదువుట యసమగ్రగ్రహణము. వక్తను దొలఁగించినచో మిగులునది జాతకమునందే కలదు. చాసరుని సొమ్ము వక్తయే.