ఫ్లటర్ ఫ్రేమ్‌వర్క్, డార్ట్ భాష: తెలుగు పాఠం దృష్ట్యా ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: మొబైల్ అనువర్తనాల నిర్మాణానికి గూగుల్ రూపొందించిన ఫ్లటర్ ఫ్రేమ్‌వర్క్‌నూ, దాని భాష అయిన డార్ట్‌నూ ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. వేగాన్ని కాక, తెలుగు పాఠాన్ని అవి ఎలా చూస్తున్నాయన్న అంశాన్ని ప్రధాన ప్రమాణంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఫ్లటర్, డార్ట్, యూనికోడ్, తెలుగు లిపి, నిఘంటు అనువర్తనాలు.

1. డార్ట్ నేపథ్యం

ఫ్లటర్ గురించిన చర్చల్లో డార్ట్‌ను ఫ్రేమ్‌వర్క్‌కు అనుబంధంగా చూడడం పరిపాటి. చరిత్ర మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. భాష ముందు పుట్టింది. దానికి తగిన పని తరువాత దొరికింది. లార్స్ బాక్, కాస్పర్ లుండ్ రూపకల్పనలో 2011లో వెలువడిన డార్ట్ లక్ష్యం విహరిణిలో జావాస్క్రిప్ట్ స్థానాన్ని ఆక్రమించడం. అందుకే తొలి రూపంలో అది స్క్రిప్టింగ్ భాషల స్వభావాన్నే అనుసరించింది. రకాలను ప్రకటించవచ్చు, ప్రకటించకపోవచ్చు. ప్రకటించినా సాధారణ నడకలో వాటి ప్రభావం ఉండదు. క్రోమ్‌లో డార్ట్ యంత్రాన్ని నేరుగా చేర్చాలన్న ఆలోచనను 2015లో విరమించుకోవడంతో ఆ లక్ష్యం దాదాపు ముగిసింది.

2018 ఆగస్టులో వచ్చిన డార్ట్ 2 రకాల వ్యవస్థను కట్టుదిట్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఫ్లటర్ 1.0 విడుదలైంది. 2021లో 2.12వ సంచిక శూన్యవిలువల భద్రతను తెచ్చింది. 2023లో డార్ట్ 3 ఆ భద్రతను తప్పనిసరి చేసింది. అంటే పన్నెండేళ్ళలో ఒక వదులైన స్క్రిప్టింగ్ భాష గట్టి రకాలుగల కంపైల్డ్ భాషగా మారింది. ఈ మార్పు ప్రోగ్రామర్‌కు మేలు చేసిందనడంలో సందేహం లేదు. శూన్యవిలువ వల్ల నడుస్తున్న అనువర్తనం కూలిపోయే సందర్భాల్లో అధికభాగం ఇప్పుడు కంపైల్ దశలోనే పట్టుబడతాయి. అయితే దీని మూల్యాన్ని ఎక్కువగా చెల్లించింది బోధనారంగం. శూన్యభద్రతకు మారని పాత గ్రంథాలయాలు డార్ట్ 3లో కంపైల్ కావు. తొలినాటి పాఠాలన్నింటిలోనూ కనిపించే ఫ్లాట్‌బటన్, రైజ్డ్‌బటన్ అనే విడ్జెట్లు ఫ్రేమ్‌వర్క్‌లోనే లేవు. పాఠ్యప్రణాళిక మారడానికి కొన్నేళ్ళు పట్టే కళాశాలలో ఇటువంటి ఉపకరణాన్ని పాఠ్యాంశంగా పెట్టేవారు ఈ సంగతిని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

వద్దనుకోవడం కూడా పరిణతే అనడానికి ఒక ఉదాహరణ ఉంది. డార్ట్‌కు మాక్రోలను చేర్చే ప్రయత్నాన్ని దాని బృందం 2025 జనవరిలో నిలిపివేసింది. కోడ్ మార్చిన క్షణాల్లో తెరపై ఫలితాన్ని చూపే హాట్ రీలోడ్ ఫ్లటర్‌కు ప్రాణం వంటిది. మాక్రోలు దాని వేగాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. నిర్ణయం సరైనదే. కానీ జేసన్ దత్తాంశాన్ని వస్తువులుగా మార్చడం వంటి నిత్యావసర పనికి కూడా విడిగా కోడ్‌ను ఉత్పత్తి చేసుకోవలసిన అవస్థ అలాగే మిగిలింది.

2. తెరపై అక్షరాన్ని గీసేది ఎవరు?

ఫ్లటర్ మౌలిక నిర్ణయం ఒక్కటే. తక్కినవన్నీ దాని పర్యవసానాలు. ఫోను నిర్వాహక వ్యవస్థ ఇచ్చే బటన్లను, పాఠపు పెట్టెలను అది వాడదు. ప్రతి చుక్కనూ తన సొంత యంత్రాంగంతో తానే గీస్తుంది. మొదట ఈ పని స్కియా చేసేది; తరువాత దానికోసమే ఇంపెల్లర్‌ను రూపొందించారు. వ్యవస్థ విడ్జెట్లనే పిలిచే రియాక్ట్ నేటివ్‌కూ దీనికీ అసలు భేదం ఇక్కడే ఉంది.

ఈ నిర్ణయంతో అక్షరం బాధ్యత కూడా ఫ్రేమ్‌వర్క్ మీద పడింది. తెలుగులో వత్తులు, గుణింతాలు సరిగా కూర్చడం చిన్న పని కాదు. ఫ్లటర్ దీనికి హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది కనుక ఫోన్లలో ఫలితం సంతృప్తికరంగానే ఉంటుంది. పైగా మండలి, సురన్న, గురజాడ వంటి ఖతిని అనువర్తనంలోనే పొదిగితే అన్ని ఫోన్లలోనూ అక్షరం ఒకే తీరుగా కనిపిస్తుంది. పద్యపాదాల అమరిక చెడకూడని గ్రంథాలకు ఇది నిజమైన ప్రయోజనం.

కనిపించడం వేరు, లెక్కించడం వేరు. డార్ట్‌లో పదబంధం యూటీఎఫ్-16 సంకేతాల వరుస మాత్రమే. ‘స్త్రీ’ పొడవు ఎంత అని అడిగితే 6 అంటుంది. ‘క్షమ’ తొలి అక్షరం అడిగితే ‘క’ ఇస్తుంది. ‘తెలుగు’ను సంకేతాల వారీగా తిరగేస్తే ఆధారం లేని కొమ్ము ముందుకు వస్తుంది. ఈ చిక్కు జావాలోనూ, జావాస్క్రిప్ట్‌లోనూ ఉన్నదే. డార్ట్ బృందం దీనికోసం క్యారెక్టర్స్ అనే ప్యాకేజీని ఇచ్చింది. అయినా సమస్య పూర్తిగా తీరలేదు. యూనికోడ్ పాత నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు ఖండాలు: స్, త్, రీ. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమం తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ఖండంగా గుర్తించింది. కనుక అదే కోడ్ ఏ యూనికోడ్ సంచికను అనుసరించే ప్యాకేజీతో నడుస్తుందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఛందస్సును గణించే అనువర్తనం రాసే పరిశోధకుడు ఈ ఖండాలను నమ్ముకోకుండా లఘుగురు విభజనను తానే విడిగా రాసుకోవడం ఉత్తమం. అక్షరవిభజన భాషాశాస్త్ర విషయం. యూనికోడ్ ఖండం కేవలం సవరణకు పనికివచ్చే ప్రమాణం.

అకారాది క్రమంలో లోపం మరింత స్పష్టం. డార్ట్ మూల గ్రంథాలయంలోని పోలిక సంకేతసంఖ్యల పోలికే. యూనికోడ్ పట్టికలో ‘ళ’ ‘ల’ పక్కన ఉంది కాబట్టి ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత వస్తాయి. వర్ణమాలలో ‘ళ’ స్థానం ‘హ’ తరువాత. ‘ఱ’ సంగతీ ఇంతే. నిఘంటు అనువర్తనానికి ఇది అలంకారదోషం కాదు, మౌలికదోషం. వర్ణక్రమ పట్టికను నిర్మాత సొంతంగా ఇచ్చుకోవలసిందే.

3. వెబ్ రూపం

ఒకే కోడ్‌తో ఫోనులోనూ, వెబ్‌లోనూ నడుస్తుందన్న మాటను ఇక్కడ నిదానంగా తూచాలి. విహరిణిలో కూడా ఫ్లటర్ ఒక చిత్రఫలకంపై అక్షరాలను గీస్తుంది. హెచ్‌టీఎంఎల్ మూలకాలతో చూపే పాత పద్ధతిని 2025లో తొలగించారు. విహరిణిలో నడిచే ఈ యంత్రాంగానికి కంప్యూటరులోని తెలుగు ఖతులు అందవు. ఖతిని పొదగకపోతే నోటో ఖతి దిగుమతి అయ్యేవరకు పాఠకుడికి ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. పేజీలో పదాన్ని వెతికే విహరిణి సౌకర్యానికి ఆ పాఠం దొరకదు. శోధనయంత్రాలకూ దాన్ని చదవడం కష్టం. దృష్టిలోపం ఉన్నవారి తెరపాఠకాలకు అవసరమైన అర్థవృక్షం వెబ్‌లో మొదట నిద్రాణంగా ఉంటుంది; వాడుకరి దాన్ని మేల్కొల్పాలి. పాఠ్యప్రధానమైన పేజీలకు ఫ్లటర్ అనువు కాదని దాని అధికారిక పత్రాలే అంగీకరిస్తున్నాయి. ఆ నిజాయితీ ప్రశంసించదగినదే. ప్రచారంలో మాత్రం ఆ మాట అంతగా వినిపించదు.

తెలుగు నిఘంటువులు, శాసనపాఠాలు, పద్యసంకలనాలు వెతుకులాటలో దొరకడం కోసమే వెబ్‌కు ఎక్కుతున్నాయి. అటువంటి గ్రంథాలకు ఫ్లటర్‌ను ఫోన్ వరకే పరిమితం చేసి, వెబ్ పేజీలను హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచడం మేలు. డార్ట్ జావాస్క్రిప్ట్‌గా కూడా కంపైల్ అవుతుంది కనుక వర్ణక్రమ పట్టికను, పదాన్వేషణ తర్కాన్ని ఫ్లటర్‌తో సంబంధం లేని ఒక డార్ట్ ప్యాకేజీగా ఒకేసారి రాసి రెండుచోట్లా వాడుకోవచ్చు.