కాచువారు ఎవరు? ఆదికాండము 2:15, కృష్ణా డెల్టా నేల

సృష్టి సంరక్షణను గూర్చిన మన ప్రసంగాలు తరచుగా ఆదికాండము 2:15తో మొదలై, చర్చి ఆవరణలో మొక్క నాటడంతో ముగుస్తాయి. ఈ బోధలో లోపించినదేమిటో ఇక్కడ పరిశీలిద్దాం.

ఆ వచనంలో రెండు హెబ్రీ క్రియలున్నాయి. మొదటిది 'ఆబద్'. మన తెలుగు బైబిలు దీన్ని 'సేద్యపరచుట' అంది. ఇదే క్రియను యెహోషువ 24:15లో 'సేవించుట' అని అనువదించింది. ఏదెను తోట విషయంలో మాత్రం సేవకుని భావం మరుగున పడింది. రెండవది 'షామర్', అనగా కాచుట. పొలం కాచేవాడు సాధారణంగా దాని యజమాని కాడన్నది గమనార్హం.

మన డెల్టాలో తరతరాలుగా ఆ పని చేసినవారిలో యానాదులున్నారు. తోటలకు, చేలకు కావలి ఉన్నారు. గట్లలో ఎలుక కలుగులు గుర్తించి, గడ్డి కుక్కిన కుండతో పొగ ఊది, విషపు మందు లేకుండానే ఎలుకలను పట్టారు. వారిలో కొందరిపై ఆంగ్లేయ ప్రభుత్వం నేరస్థ తెగ అనే ముద్ర వేసింది. 1952 నాటికి అది చట్టరీత్యా తొలగినా, నేటికీ అనేక యానాది కుటుంబాలకు సొంత భూమి లేదు.

నేలను గౌరవించే సామూహిక విద్యకు మన రాష్ట్రంలో పెద్ద ప్రయత్నమే జరుగుతోంది. రైతు సాధికార సంస్థ 2016లో ఆరంభించిన ప్రకృతి సేద్య కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ బహుమతి పొందింది. అనుభవమున్న రైతే తోటి రైతుకు బోధించడం, మహిళా స్వయం సహాయక సంఘాలు దానికి ఆధారంగా నిలవడం మెచ్చదగినవి. అయితే నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. డెల్టాలో సాగు ఎక్కువగా కౌలు రైతులదే, కౌలు తరచుగా నోటిమాట మీద ఏడాదికే. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు దాన్ని ఏ ధైర్యంతో పోషిస్తాడు?

లేవీయకాండము 25 నేలకు విశ్రాంతిని, స్వాస్థ్యం పోగొట్టుకొన్నవానికి దాని పునరుద్ధరణను ఒకే అధ్యాయంలో నియమించింది. మనం మొదటిది ప్రసంగించి రెండవది విడిచిపెట్టాం. నా పరిచర్యలో నేనూ ఎన్నో మొక్కలు నాటించాను గాని, యానాది పేటలో ఒక్కనాడైనా విద్యార్థిగా కూర్చోలేదు.

కాబట్టి గిరిజనుల భూభక్తిని పొగడి, వారి భూమి ప్రశ్నను దాటిపోయే బోధ అసంపూర్ణం. పొలాలున్న సంఘాలు వాటిని సాగుచేసేవారికి దీర్ఘకాలపు కౌలు పత్రం వ్రాసి ఇవ్వాలి. మన విద్యార్థులు ఆ పేటలకు బోధించడానికి కాక నేర్చుకోవడానికి వెళ్లాలి. మొక్క ఆ తరువాత నాటుదాం.