జపాను శిశుగీతములు: తల్లి యెక్కడ?

జపానుబాలలు వసంతము ముగియువేళ పాడుకొను పాటలలో రెండింటిని పరిశీలింతము. 1912లో వెలువడిన 'చాత్సుమి' తేయాకుకోతను వర్ణించును. ఇద్దఱు పిల్లలు ఎదురెదురుగా నిలిచి, చేతులు చఱచుకొనుచు దీనిని పాడుదురు. శ్రమయే యిచట క్రీడయగుట శ్లాఘ్యము.

1931 నాటి 'కొయినొబొరి' మఱింత సరళము. మే 5వ తేదీ పిల్లల పండుగకై యింటిపై నెగురవేయు గుడ్డచేపలలో పెద్ద నల్లనిది తండ్రి. చిన్న యెఱ్ఱనివి బిడ్డలు. మఱి తల్లి యేది? పాటలో నామె ప్రసక్తియే లేదు. చిత్రమేమన, దీనిని రచించినది కొందో మియాకో యను స్త్రీ! చిరకాలము మఱుగుననున్న యామె కర్తృత్వమును 1993లో న్యాయస్థానము నిర్ధారించినది.

శిశువు తాను పాడినదానిని ప్రశ్నింపక నమ్మును; కావున నీ లోపము స్వల్పము కాదు. నేడు పెక్కిండ్లలో పెద్ద యెఱ్ఱచేపను తల్లిగా నెంచుచున్నారు. పాటకంటె జనులే యొకయడుగు ముందున్నారని మేము సంతసించుచున్నాము.