టర్కిష్ నామపదం: రెండు పట్టికల పద్ధతిపై ఒక విమర్శ

టర్కిష్ భాషను ప్రారంభకులకు నేర్పే వ్యాకరణాలు సాధారణంగా విభక్తి ప్రత్యయాలను ఒక పట్టికలోనూ, ‘నా, నీ, అతని’ అనే అర్థాలనిచ్చే స్వామ్య ప్రత్యయాలను మరొక పట్టికలోనూ చూపుతాయి. బట్టీపట్టడానికి ఇది సులువే. కాని అసలు చిక్కు ఈ రెండూ కలిసే చోట ఉంది. ఆ చోటు ఏ పట్టికలోనూ కనిపించదు.

‘ఎవ్’ అంటే ఇల్లు. తెలుగులో ‘ఇల్లు’ అనేది ‘ఇంటి’గా మారిన తరువాతనే ‘లో’ చేరుతుంది. ‘ఎవ్’ మాత్రం మారదు. బహువచనం, స్వామ్యం, విభక్తి ఈ వరుసలోనే దాని వెనుక చేరతాయి: ఎవ్-లెర్-ఇమ్-దె, అంటే ‘నా ఇళ్లలో’. మనం ముందు చెప్పే ‘నా’ అక్కడ పదం మధ్యలో ఉన్నదని గమనించండి.

ఇప్పుడు ‘ఎవి’ అనే రూపాన్ని చూడండి. ఒక పట్టిక ప్రకారం అది ద్వితీయా విభక్తి. ఏదో ఒక ఇల్లు కాక, ఫలానా ఇల్లు అని తెలిసినప్పుడు వాడేది. రెండవ పట్టిక ప్రకారం ‘అతని ఇల్లు’ లేదా ‘ఆమె ఇల్లు’. దీనికి ‘దె’ చేర్చితే ‘ఎవిదె’ కాదు, ‘ఎవిందె’ అవుతుంది. మధ్యలో ఒక నకారం వస్తుంది. (బాలవ్యాకరణం చదివినవారికి నుగాగమం గుర్తుకు రావచ్చు. పోలికను అంతటితో ఆపండి.) ఇక ‘నీ ఇల్లు’ అంటే ‘ఎవిన్’. దానికి ‘దె’ చేర్చినా ‘ఎవిందె’యే! ‘నీ ఇంట్లో’, ‘అతని ఇంట్లో’ అనే రెండర్థాలకూ రూపం ఒక్కటే.

ఇందువల్లనే, ప్రత్యయం ఉన్నది కనుక సర్వనామం అనవసరమనే సూత్రాన్ని మేము పూర్తిగా అంగీకరించము. ‘ఎవిమ్’ అన్నప్పుడు ‘బెనిమ్’ (నా) లేకపోయినా నష్టం లేదు. కాని ‘ఎవిందె’ దగ్గర సందర్భం సహకరించకపోతే ‘సెనిన్’ (నీ), ‘ఒనున్’ (అతని) అనే మాటలే ఆ ఇల్లు ఎవరిదో తేల్చాలి. వాటిని అలంకారాలుగా నేర్చుకున్న విద్యార్థి అనువాదంలో ఒకరి ఇంటిని మరొకరికి రాసిచ్చేస్తాడు.

‘ఎవిని’ అనే ద్వితీయా రూపాన్ని ఇప్పుడు మీరే విడదీయండి. రెండు సమాధానాలు రావాలి. ఒక్కటే వస్తే, ఆ నకారం ఎక్కడిదో మరొకసారి పరిశీలించండి.